రెసిడెన్సీ ఉత్తరాల కట్ట చేతికొస్తే: పాత దౌత్య రికార్డులపై పనిచేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ఆర్కైవ్స్‌లో కొత్తగా చేరినవాళ్ళు, చేరాలనుకుంటున్న హిస్టరీ విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "పాత దౌత్య కాగితాల కట్ట చేతిలో పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణలన్నీ హైదరాబాద్ రెసిడెన్సీ వ్యవహారం నుంచే తీసుకుంటాను. నిజాం దర్బారు, కోఠీలో ఉన్న రెసిడెంటు (దర్బారులో ఉండే ఇంగ్లిష్ ప్రభుత్వ ప్రతినిధి), కలకత్తాలోని గవర్నర్ జనరల్, ఈ ముగ్గురి మధ్య నడిచిన ఉత్తరాలు అన్నమాట. వేరే సంస్థానం కాగితాలైనా పద్ధతి పెద్దగా మారదు.

పనిలో దిగేముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. దౌత్య ఉత్తరం ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. దానికొక ముసాయిదా ఉంటుంది, శుద్ధప్రతి ఉంటుంది, జతపరిచిన కాగితాలు, తర్జుమా, ఆఫీసులో రాసుకున్న నోట్లు, తిరిగి వచ్చిన జవాబు ఉంటాయి. ఇదంతా ఒక గొలుసు. గొలుసు తెగితే కాగితం మిగులుతుంది, అర్థం పోతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ గొలుసు తెగకుండా చూసుకోవడానికే.

1. చేరకముందే సమకూర్చుకోవాల్సినవి

డిగ్రీల సంగతి త్వరగా చెప్పేస్తాను. హిస్టరీలో ఎం.ఎ. ఉంటే మంచిది. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది. కాగితాల మరమ్మతు, సంరక్షణ లాంటి వాటి మీద అక్కడే చిన్న కోర్సులు కూడా నడుస్తాయి.

మిమ్మల్ని నిజంగా స్పెషలిస్టుని చేసేది భాష. 19వ శతాబ్దం తొలి భాగం దాకా దర్బారులతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఎక్కువగా పర్షియన్‌లో నడిచాయి. హైదరాబాద్ ప్రభుత్వంలో పర్షియన్ స్థానంలోకి ఉర్దూ వచ్చింది 1880లలో. పుణే దర్బారు వైపు కాగితాలైతే మరాఠీలో, అదీ మోడీ అనే పాత గొలుసుకట్టు లిపిలో ఉంటాయి. ఇంగ్లిష్ తర్జుమాల మీదే ఆధారపడితే సగం కథే తెలుస్తుంది.

నేర్చుకునే వరుస ఇలా పెట్టుకోండి:

- ముందు ఉర్దూ లిపి. తెలంగాణలో అయితే నేర్పేవాళ్ళు పక్క వీధిలోనే దొరుకుతారు.
- తర్వాత అచ్చులో ఉన్న పర్షియన్, ఆ తర్వాత చక్కగా రాసిన నస్తాలీక్, అంటే పర్షియన్, ఉర్దూ రాసే మామూలు చేతిరాత శైలి.
- చివర్న షికస్తా, అంటే మున్షీలు (దర్బారు లేఖకులు) వేగంగా, అక్షరాలు విరిచి రాసే గొలుసుకట్టు రాత.

షికస్తా చూసి చాలామంది టెన్షన్ పడి వదిలేస్తారు. నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటి చెబుతాను. ఒకేసారి పదిమంది రాత చదవబోకండి. ఒక్క మున్షీని ఎంచుకోండి. అతను రాసిన ఉత్తరాల్లో ప్రతి అక్షరం ఏ రూపంలో ఉందో ఒక కాగితం మీద పట్టిక వేసుకోండి. పలకరింపు మాటలు ప్రతి ఉత్తరంలోనూ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి అక్షరాలు పట్టుకోవడం అక్కడే సులువు. ఒక చేతిరాత లొంగిందంటే రెండోది సగం శ్రమతో లొంగుతుంది.

పాత ఇంగ్లిష్ రాతను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 18వ శతాబ్దపు రాతలో 'ఎస్' అక్షరం చాలాచోట్ల 'ఎఫ్' లాగా కనిపిస్తుంది. 'ఇన్‌స్టంట్' అంటే ఉత్తరం రాసిన నెల, 'అల్టిమో' అంటే దాని ముందు నెల. ఈ రెండు మాటలూ పొట్టి రూపంలో, అంకె పక్కన చిన్నగా రాసి ఉంటాయి. వాటిని దాటేస్తే తేదీ నెల రోజులు తప్పుతుంది.

2. ఆఫీసుల పటం గీసుకోండి

ఉత్తరం చదవడం కంటే ముందు, అది ఏ ఆఫీసు నుంచి ఏ ఆఫీసుకు నడిచిందో తెలియాలి. ఒక తెల్లకాగితం తీసుకుని గీయండి. మధ్యలో హైదరాబాద్ రెసిడెంటు. ఒక పక్క నిజాం, దివాన్. ఇంకో పక్క కలకత్తా. కింద మద్రాసు, పుణే, నాగపూర్. దూరంగా లండన్.

రెసిడెంటు ఒక ఉత్తరం రాశాడంటే దాని నకలు ఆయన ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. అసలు ప్రతి కలకత్తాకు వెళ్తుంది. అక్కడి నుంచి ఇంకో నకలు లండన్‌కు వెళ్తుంది. అవసరమైతే మద్రాసుకీ, పుణే రెసిడెంటుకీ తలా ఒకటి. అంటే ఇక్కడ చెదలు తిన్న పేజీ ఇంకోచోట క్షేమంగా ఉండొచ్చు. హైదరాబాద్ రెసిడెన్సీ రికార్డులు, కలకత్తా ఫారిన్ డిపార్ట్‌మెంట్ కాగితాలు ఇప్పుడు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. లండన్ ప్రతులు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి. నిజాం ప్రభుత్వం వైపు కాగితాలకు తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ చూడాలి.

కోస్తా జిల్లాల మీద పనిచేసేవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు. ఉత్తర సర్కారుల మీద 1766 నవంబర్ 12న నిజాం అలీఖాన్‌తో ఒప్పందం చేసుకున్నది మద్రాసు ప్రభుత్వం తరఫున వెళ్ళిన జనరల్ కాలియో. కాబట్టి ఆ వ్యవహారం ముందు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. నిజాంతో వ్యవహారం కలకత్తా చేతికి వెళ్ళింది ఆ తర్వాత. "హైదరాబాద్ అంటే ఢిల్లీలోనే ఉంటుంది" అని వెళ్ళి వారాలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

డిపార్ట్‌మెంట్ పేర్లు ఎప్పుడెప్పుడు మారాయో బల్ల ముందు అంటించుకోండి:

- 1783: ఫారిన్ డిపార్ట్‌మెంట్ ఏర్పాటు
- 1843: సెక్రటేరియట్ పునర్వ్యవస్థీకరణ
- 1914: ఫారిన్ అండ్ పొలిటికల్ డిపార్ట్‌మెంట్
- 1937: ఎక్స్‌టర్నల్ అఫైర్స్, పొలిటికల్ అని రెండు ముక్కలు
- 1947: సంస్థానాల పని మినిస్ట్రీ ఆఫ్ స్టేట్స్‌కు
- 1949: మినిస్ట్రీ ఆఫ్ ఎక్స్‌టర్నల్ అఫైర్స్ అనే పేరు స్థిరపడింది

1947, 1948 హైదరాబాద్ కాగితాలకు ఈ పట్టిక తప్పనిసరి. భారత ప్రభుత్వంతో నిజాం చేసుకున్న 1947 నవంబర్ 29 నాటి యథాతథ (స్టాండ్‌స్టిల్) ఒప్పందం, ఆ తర్వాతి చర్చలు స్టేట్స్ మినిస్ట్రీ వైపు వెతకాలి. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి వెళ్ళినప్పటి విషయాలు విదేశాంగ శాఖ వైపు వెతకాలి. ఒకే గొడవ, రెండు శాఖలు.

3. బల్ల, చేతులు, గాలి

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, కానీ ఒక్కటి తప్పినా పోయిన కాగితం తిరిగి రాదు.

- చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. కాగితానికి గ్లవ్స్ వద్దు. గ్లవ్స్‌తో అంచు తెలియక చింపేస్తాం. ఫొటోలకూ, లోహపు ముద్రలకూ మాత్రం వేసుకోండి.
- బల్ల మీద పెన్సిలే ఉండాలి. పెన్ను, టీ, నీళ్ళ బాటిల్ అన్నీ గది బయటే.
- మాస్క్ పెట్టుకోండి. పాత కట్టల దుమ్ములో బూజు ఉంటుంది.
- కాగితం కంటే పెద్ద అట్ట ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. పెళుసు కాగితాన్ని వేళ్ళతో ఎత్తకుండా అట్టమీదికి జరిపి తిప్పాలి.
- గదిలో ఉష్ణోగ్రత సుమారు 22 నుంచి 25 డిగ్రీలు, తేమ 45 నుంచి 55 శాతం. అంకె కంటే నిలకడ ముఖ్యం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది కాగితానికి చేటు.
- లక్క ముద్ర ఉన్న కాగితం మీద మరో కట్ట పెట్టకండి. వేడి దీపం కింద ఉంచకండి.

చిరిగిన చోట సెల్లో టేప్ అంటించడం నేరంతో సమానం. ఆ జిగురు కొన్నేళ్ళకు పసుపుపచ్చ మరకై అక్షరాల్లోకి దిగిపోతుంది. చిరుగు కనిపిస్తే చీటీ రాసి సంరక్షణ విభాగానికి పంపండి. సన్నటి జపనీస్ టిష్యూ, పిండి జిగురుతో వాళ్ళు చూసుకుంటారు.

4. కట్ట విప్పడం: వరుసను ముట్టుకోకండి

ఈ అడుగులో తొందరపడితే మిగతా అడుగులన్నీ వృథా.

మొదట కట్టను విప్పకుండానే చూడండి. పైన గుడ్డ మీద, అట్ట మీద ఏం రాసి ఉంది? ఏ తాడుతో, ఎలా కట్టారు? ఫొటో తీయండి. తర్వాత విప్పండి. ప్రతి కాగితాన్నీ ఉన్న వరుసలోనే తిప్పుతూ, కుడి పై మూలన మెత్తటి పెన్సిల్‌తో ఫోలియో నంబర్, అంటే ఆకు నంబర్ వేయండి. ఖాళీ కాగితానికి కూడా నంబర్ వేయాలి. అంతా పూర్తయ్యేదాకా ఏ కాగితాన్నీ ఇంకోచోటికి మార్చకండి, తప్పుగా ఉందని మీకు ఎంత గట్టిగా అనిపించినా సరే.

పనిలో చేరిన తొలి ఏడాది ఈ తప్పు నేనే చేశాను. ఒక కట్టలో తేదీలు ముందువెనకలుగా కనిపించాయి. సర్దుదామని అన్నిటినీ తేదీ వరుసలో పెట్టేశాను. రెండు రోజుల తర్వాత ఒక పెద్ద ఉత్తరం చివర "నాలుగు కాగితాలు జతపరిచాను" అన్న మాట కనిపించింది. ఆ నాలుగూ పాత తేదీలవి. అవి ఏవో ఇప్పుడెలా తెలుస్తుంది? చివరికి గుండుసూది తుప్పు కాపాడింది. పెద్ద ఉత్తరం మూలన ఉన్న తుప్పు మచ్చ, రెండు రంధ్రాల మధ్య దూరం, ఇంకో నాలుగు కాగితాల మీద సరిగ్గా సరిపోయాయి. జత దొరికింది, కానీ నాలుగు రోజులు పట్టింది. ఆ రోజు నుంచి తుప్పు మచ్చను కూడా రికార్డులో భాగంగానే చూస్తున్నాను.

విడిపోయిన కాగితాల జత కనిపెట్టడానికి చూడాల్సినవి:

- గుండుసూది రంధ్రాలు, తుప్పు మచ్చ
- మడతల గీతలు, వాటి మధ్య దూరం
- నీటి మరక, పురుగు రంధ్రం ఒక కాగితం నుంచి ఇంకోదానికి కొనసాగడం
- కాగితంలోని నీటిగుర్తు, రంగు
- వెనక రాసిన నంబర్, డాకెట్ (ఉత్తరం వెనక ఆఫీసు రాసుకునే చిన్న వివరం) రాసిన గుమాస్తా చేతిరాత

తుప్పు పట్టిన సూదిని లాగకండి. కాగితానికీ సూదికీ మధ్య పలుచటి ప్లాస్టిక్ షీటు జొనిపి, నెమ్మదిగా వదులు చేయాలి. తీశాక ఆ కాగితాలు ఒకే జత అని తెలిసేలా ఆమ్లం లేని కాగితపు మడతలో కలిపి పెట్టండి.

తర్వాతి కాలపు ఫైళ్ళలో గొలుసు రూపం వేరు. ఒక భాగంలో నోటింగ్, అంటే ఆఫీసులో కింది నుంచి పైదాకా రాసుకున్న అభిప్రాయాలు ఉంటాయి. రెండో భాగంలో ఉత్తరాలు ఉంటాయి. 'కె.డబ్ల్యు.' అని రాసి ఉన్న కాగితాలు 'కీప్ విత్', అంటే ఆ ఫైల్‌తోపాటే ఉంచాల్సినవి. చాలామంది వీటిని చిత్తు కాగితాలనుకుని చదవరు. ప్రభుత్వం బయటికి చెప్పిన మాట ఉత్తరంలో ఉంటుంది. ఆ మాట వెనక జరిగిన వాదన నోటింగ్‌లోనూ, కె.డబ్ల్యు.లోనూ ఉంటుంది. ముందు అవి చదవండి.

గొలుసు ఎందుకంటే, ఒక ఉదాహరణ. 1926 మార్చి 27న వైస్రాయ్ లార్డ్ రీడింగ్ నిజాంకు రాసిన ఉత్తరం బ్రిటిష్ సార్వభౌమాధికారం గురించి ఎంతో ప్రసిద్ధి. కానీ అది ఒక జవాబు. బేరార్ ప్రాంతం విషయంలో 1925 సెప్టెంబర్‌లో నిజాం రాసిన ఉత్తరానికి జవాబు. ప్రశ్న చదవకుండా జవాబును మాత్రమే ఇచ్చిన కేటలాగ్ చదివేవాడికి అన్యాయం చేస్తుంది.

5. ఖరీతాను బయటి నుంచి లోపలికి చదవండి

దర్బారుల ఉత్తరాలు జరీ లేదా పట్టు సంచిలో పెట్టి, తాడు కట్టి, లక్క ముద్ర వేసి పంపేవాళ్ళు. ఆ సంచినీ, అందులో వచ్చే ఉత్తరాన్నీ కూడా ఖరీతా అంటారు. సంచి అలంకారమని పక్కన పడేసి ఉత్తరాన్ని మాత్రమే ఫైల్ చేయడం పాత రోజుల్లో జరిగింది. మీరు మాత్రం సంచి, తాడు, ముద్ర, కవరు, ఉత్తరం అన్నిటికీ ఒకే నంబర్ కింద ఉపసంఖ్యలు ఇవ్వండి.

చదివే వరుస ఇది.

ముద్ర. ముద్రలోని పేరు, బిరుదు, సంవత్సరం రాసుకోండి. ఆ సంవత్సరం ఉత్తరం తేదీ కాదు. ముద్ర చెక్కించిన సంవత్సరం. బిరుదు వచ్చినప్పుడు చెక్కించిన ముద్రను ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు. కొత్తవాళ్ళు తేదీ లేని ఉత్తరానికి ముద్రలోని సంవత్సరం తగిలించేస్తుంటారు. దాని నుంచి తెలిసేది ఒక్కటే: ఉత్తరం ఆ ఏడాదికి ముందు రాసింది కాదు.

అల్కాబ్, అంటే సంబోధన. "పొగడ్తలే కదా" అని దాటేయకండి. దౌత్యమంతా అక్కడే ఉంటుంది. 1829లో నాసిరుద్దౌలా గద్దెనెక్కేదాకా నిజాం తనను గురించి రాజు చెప్పుకునే 'మా బదౌలత్' అనే మాట వాడేవాడు. గవర్నర్ జనరల్ తనను 'నియాజ్‌మంద్', అంటే విధేయుడు అని రాసుకునేవాడు. 1829లో దాన్ని మార్చి ఇద్దరూ సమానులన్నట్టు రాయడం మొదలుపెట్టారు. ఉత్తరంలోని విషయం పాతదే, సంబోధన మారింది, దాంతో ఇద్దరి స్థానమూ మారింది. కేటలాగ్‌లో అల్కాబ్ కోసం ఒక గడి పెట్టండి.

అసలు విషయం. ఇది ఎక్కువగా మధ్యలో, ఉపోద్ఘాతం దాటాక వస్తుంది. "మీ ఉత్తరం అందింది" అన్న వాక్యం ఎక్కడుందో పట్టుకోండి. ఏ ఉత్తరం అందిందో చెప్పే తేదీ సాధారణంగా దాని పక్కనే ఉంటుంది. గొలుసులో ముందు లంకె అదే.

వెనక పేజీ. ఇంగ్లిష్ గుమాస్తా రాసిన డాకెట్ ఉంటుంది: ఎవరి నుంచి, ఎప్పుడు అందింది, ఏ నంబర్. సారాంశం కూడా ఉండొచ్చు. దాన్ని ఉత్తరం సారాంశంగా కాపీ కొట్టకండి. గుమాస్తాకు ఏది ముఖ్యమో అదే అందులో ఉంటుంది.

తర్జుమా. పర్షియన్ మూలం, ఇంగ్లిష్ తర్జుమా రెండూ ఉంటే పక్కపక్కన పెట్టుకుని చదవండి. వినయపు మాటలను తర్జుమాలో కత్తిరించడం మామూలే. అభ్యర్థన ఒప్పుకోలుగా, మందలింపు సలహాగా మారిన చోట్లు దొరుకుతాయి. తేడా కనిపిస్తే మీ అభిప్రాయం రాయకుండా, రెండు మాటలూ ఉన్నదున్నట్టు నోట్‌లో పెట్టండి.

6. తేదీలు: ఒక ఉత్తరానికి మూడు

దౌత్య రికార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది తేదీల దగ్గరే. ఒక ఉత్తరానికి కనీసం మూడు తేదీలు ఉంటాయి: రాసిన రోజు, అందిన రోజు, గవర్నర్ జనరల్ కౌన్సిల్ ముందు పెట్టిన రోజు.

పాత ఫారిన్ డిపార్ట్‌మెంట్ కన్సల్టేషన్లు, అంటే కౌన్సిల్ ముందుకు వచ్చిన కాగితాల కట్టలు, మూడో తేదీ ప్రకారం కట్టినవి. 'సీక్రెట్ కన్సల్టేషన్' అని ఉండి పక్కన ఉండే తేదీ కౌన్సిల్ తేదీ. ఉత్తరం అంతకు వారాల ముందు హైదరాబాద్‌లో రాసి ఉండొచ్చు. రిఫరెన్స్‌లో కన్సల్టేషన్ తేదీ, వివరణలో రాసిన తేదీ, రెండూ విడివిడిగా ఇవ్వండి. 1860ల తర్వాత, ప్రాముఖ్యాన్ని బట్టి విడదీసిన నెలవారీ ప్రొసీడింగ్స్ వచ్చాయి: ఎ ప్రొసీడింగ్స్, బి ప్రొసీడింగ్స్, డిపాజిట్. 1880ల నుంచి సీక్రెట్-ఇ, సీక్రెట్-ఐ, సీక్రెట్-ఎఫ్ అని కనిపిస్తాయి. ఇవి వరసగా విదేశీ, అంతర్గత, సరిహద్దు వ్యవహారాలు. ఈ అక్షరాలు వదిలేస్తే ఆ ఫైల్ మళ్ళీ దొరకదు.

తర్వాత క్యాలెండర్లు. హిజ్రీ తేదీని పట్టికతో మార్చండి, కానీ ఫలితం ఒకటి రెండు రోజులు అటూఇటూ ఉండొచ్చని గుర్తుపెట్టుకోండి. నెల మొదలు నెలవంకను బట్టి ఉండేది. పైగా హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది.

ఫసలీ, అంటే పంటల లెక్కన నడిచే రెవెన్యూ సంవత్సరం, తెలుగువాళ్ళకు భూమి కాగితాల ద్వారా పరిచయమే. ఫసలీకి 590 కలిపితే సుమారు ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. చిక్కేమిటంటే, ఒకే ఫసలీ అంకె రెండు రాష్ట్రాల్లో రెండు వేర్వేరు నెలల్లో మొదలయ్యేది. హైదరాబాద్ రాజ్యంలో ఆజుర్ నెలతో, అంటే అక్టోబర్ తొలి రోజుల్లో. మద్రాసు ప్రెసిడెన్సీలో జూలైలో. కాబట్టి 1347 ఫసలీ అని ఉన్న కాగితం కర్నూలు నుంచి వచ్చిందా, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిందా అన్నది తెలియాలి. మొదటిదైతే 1937 జూలై నుంచి 1938 జూన్ దాకా, రెండోదైతే 1937 అక్టోబర్ నుంచి 1938 అక్టోబర్ దాకా.

తేదీ రాసే నియమం:

- కాగితం మీద ఉన్న తేదీ ఉన్నట్టే
- దాని పక్కన మార్చిన ఇంగ్లిష్ తేదీ
- ఊహించిన తేదీ అయితే చదరపు బ్రాకెట్‌లో, ఏ ఆధారంతో ఊహించారో ఒక వాక్యం
- ఏమీ తెలియకపోతే "తేదీ లేదు" అని నిజాయితీగా

7. పేర్లు: ఒక మనిషికి నాలుగు, నలుగురికి ఒకటి

నిజాం అలీఖాన్ దివాను అరస్తూ జాను తీసుకోండి. ఆయన సొంత పేరు గులాం సయ్యద్ ఖాన్. బిరుదులు ముషీరుల్ముల్క్, అజీముల్ ఉమరా, అరస్తూ జా. కాలాన్ని బట్టి ఉత్తరాల్లో వేర్వేరు పేర్లతో కనిపిస్తాడు. వేర్వేరు మనుషులుగా ఇండెక్స్ చేస్తే ఆయన చరిత్ర ముక్కలవుతుంది.

దీనికి వ్యతిరేకం కూడా ఉంది. "రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్" అంటే ఎవరు? 1790లలో ముందు అన్న విలియం, తర్వాత తమ్ముడు జేమ్స్ అకిలీస్. 1798 సెప్టెంబర్ 1 నాటి సైన్య సహకార ఒప్పందం కుదిర్చింది తమ్ముడు. "సాలార్ జంగ్" అన్నా అంతే, ముగ్గురున్నారు. రెండో సాలార్ జంగ్ పేరు మీర్ లాయక్ అలీ. 1947, 48లో నిజాం ప్రధానమంత్రి పేరు కూడా మీర్ లాయక్ అలీయే. అరవై ఏళ్ళ తేడా ఉన్న ఇద్దరిని ఒకే పేరు కింద కలిపేసిన ఇండెక్స్ కార్డును నా చేతులతో సరిచేశాను.

అందుకే ప్రతి మనిషికీ ఒక పేర్ల కార్డు తెరవండి: ప్రధానమైన పేరు, మిగతా బిరుదులు, పదవి, ఆ పదవిలో ఉన్న కాలం. ఉత్తరంలో ఏ పేరున్నా కార్డుకు లంకె వేయండి.

ఊళ్ళకూ ఇదే నియమం. ఇంగ్లిష్ కాగితాల్లో మసూలిపటం అంటే మచిలీపట్నం, ఎల్లూర్ అంటే ఏలూరు, చికాకోల్ అంటే శ్రీకాకుళం. ముస్తఫానగర్ సర్కారు అంటే కొండపల్లి, ముర్తజానగర్ అంటే గుంటూరు. కాగితం మీది పేరును దిద్దకండి, ఇప్పటి పేరును పక్కన చేర్చండి. తన ఊరి గురించి వెతికే తెలుగు పాఠకుడు ఇప్పటి పేరే టైప్ చేస్తాడు.

8. కేటలాగ్ ఎంట్రీ రాయడం

అంతర్జాతీయ వివరణ ప్రమాణమైన ఐఎస్‌ఎడి-జిలో 26 అంశాలున్నాయి. అన్నీ నింపాల్సిన పని లేదు. తప్పనిసరి ఆరు: రిఫరెన్స్ కోడ్, శీర్షిక, సృష్టించిన సంస్థ లేదా వ్యక్తి, తేదీలు, పరిమాణం, వివరణ స్థాయి. దౌత్య ఉత్తరాలకు నేను ఇంకో నాలుగు కలుపుతాను: భాష లిపి, ముద్ర, జతపరిచినవి, ఏ ఉత్తరానికి జవాబు.

శీర్షిక రాయడంలోనే పనితనం తెలుస్తుంది. "నిజాం గురించి ముఖ్యమైన ఉత్తరం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎవరు, ఎవరికి, ఏ విషయం మీద అన్నది ఒక్క వాక్యంలో రావాలి. ఉదాహరణకు: "గుంటూరు సర్కారు అప్పగింతపై రెసిడెంటు గవర్నర్ జనరల్‌కు రాసిన ఉత్తరం, దర్బారు జవాబు తర్జుమాతో." ముఖ్యమైనదో కాదో పరిశోధకుడు నిర్ణయించుకుంటాడు.

పాత గుమాస్తాలు వాడిన "తిరుగుబాటుదారు", "విధేయుడు" లాంటి మాటలు కొటేషన్ గుర్తుల్లో ఉంచండి. మీ వాక్యంలోకి తీసుకున్నారంటే ఆ అభిప్రాయం మీదైపోతుంది.

9. రహస్యం, అనుమతి

పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993ని ఒకసారి పూర్తిగా చదవండి. మీ రోజువారీ పనికి రెండు సెక్షన్లు ముఖ్యం. సెక్షన్ 10 ప్రకారం రహస్య వర్గీకరణ ఉన్న రికార్డును నేషనల్ ఆర్కైవ్స్‌కు బదిలీ చేయకూడదు. అంటే వర్గీకరణ తీసేయాల్సింది ఆ శాఖే, మీరు కాదు. 'సీక్రెట్' ముద్ర ఉండి, తీసేసినట్టు రాత లేని కాగితం కొత్తగా వచ్చిన కట్టలో కనిపిస్తే, పక్కన పెట్టి పై అధికారికి రాతపూర్వకంగా తెలపండి. నోటిమాటతో సరిపెట్టవద్దు.

సెక్షన్ 8 ప్రకారం 1892కు ముందు పుట్టిన ఏ రికార్డునూ నాశనం చేయడానికి వీల్లేదు. ఇక ఏ పనికీ రానంతగా పాడైందని డైరెక్టర్ జనరల్ భావిస్తే తప్ప. "ఇది నకలే కదా" అని ఎవరైనా చెత్తబుట్ట చూపిస్తే ఈ సెక్షన్ చూపించండి.

సమాచార హక్కు చట్టం కింద వచ్చే అర్జీలకు ఒక హెచ్చరిక. 20 ఏళ్ళు దాటిన సమాచారం చాలావరకు ఇవ్వాలి. కానీ విదేశాలతో సంబంధాలకు దెబ్బ తగిలే సమాచారానికి ఆ వెసులుబాటు వర్తించదు. సరిహద్దు మ్యాపులున్న ఫైళ్ళ విషయంలో మీరే తేల్చేయకండి.

10. స్కానింగ్‌లో గొలుసు తెగకుండా

నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్ వచ్చాక చాలామంది మొదట చూసేది స్కాన్‌నే, కాగితాన్ని కాదు.

- రెండు వైపులా స్కాన్ చేయండి, వెనక ఖాళీగా ఉన్నా సరే. డాకెట్ వెనకే ఉంటుంది, పెన్సిల్ గుర్తులు కూడా.
- రంగులోనే, కనీసం 300 డీపీఐ. సన్నటి షికస్తాకు 400 మేలు.
- పక్కన స్కేలు, రంగుల పట్టీ పెట్టండి.
- మాస్టర్ కాపీ టిఫ్ ఫార్మాట్‌లో, వాడుకకు వేరే కాపీ.
- ఫైల్ పేరులో రిఫరెన్స్, ఫోలియో నంబర్, ముందువైపా వెనకవైపా అన్నది ఉండాలి.
- ముడుచుకున్న కాగితాన్ని అద్దం కింద నొక్కకండి. ముందు సంరక్షణ విభాగానికి.

11. తప్పు జరిగిపోయాక ఏం చేయాలి

వరుస చెదిరింది: అక్కడితో ఆపండి. మొదట తీసిన ఫొటోలు, తుప్పు మచ్చలు, డాకెట్ నంబర్లతో పోల్చండి. తిరిగి పెట్టాక, ఏం జరిగిందో ఫైల్‌లో చీటీ రాసి సంతకం చేయండి. దాచిపెట్టిన తప్పు తర్వాతివాడిని దారి తప్పిస్తుంది.

జత కాగితం లేదు: "లేదు" అని రాసేముందు రెండో అడుగులో గీసిన పటం తీయండి. మద్రాసు, లండన్ ప్రతుల్లో వెతికి, దొరికితే ఆ రిఫరెన్స్ ఇక్కడ రాయండి.

పదం చదవలేకపోయారు: ఊహించి నింపకండి. అక్షరాలు కనిపించినంతవరకు రాసి, మిగతాది చుక్కలు పెట్టండి. మరునాడు ఉదయం వెలుతురులో మళ్ళీ చూడండి, సగం పదాలు అప్పుడే తెలుస్తాయి.

ఒప్పందం పాఠంలో తేడా వచ్చింది: అచ్చులో ఉన్న ఒప్పందాల సంకలనాన్ని పోల్చడానికే వాడండి. మూలం ఉన్నప్పుడు మూలానిదే చివరి మాట.

12. సాయంత్రం కట్ట మూసేటప్పుడు

- ఫోలియోలు లెక్కపెట్టండి. ఉదయం ఎన్నో, ఇప్పుడూ అన్నే ఉండాలి.
- పొరపాటున మధ్యలో ఉండిపోయిన మీ చీటీలు, పెన్సిల్ తీసేయండి.
- లక్క ముద్ర ఉన్న కాగితం అన్నిటికీ పైన రావాలి.
- తాడు బిగించి కట్టకండి, అంచులు కోసుకుపోతాయి. వెడల్పు నూలు టేపుతో, ముడి పక్కకు వచ్చేలా కట్టండి.
- రిజిస్టర్‌లో రాయండి: ఎక్కడిదాకా అయింది, ఏ ఉత్తరానికి జవాబు ఇంకా దొరకలేదు, ఎక్కడ వెతకాలి. రేపు ఆ కుర్చీలో మీరే కూర్చుంటారని నమ్మకం లేదు. వేరేవాళ్ళు చదివినా అర్థమయ్యేలా రాయండి.